ఏడు ఒక్కపొద్దుల సాయవ్వ

దేవుళ్లను సాయవ్వ వాడుకున్నంతగా బోధన్‌లో మరెవరూ వాడుకోలేదు.

రెంజల్ నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో వెంకన్న పేరు చెప్పి శనివారం ఒక్కపొద్దు పట్టింది. పొద్దంతా పస్తుండి సాయంత్రం ఇంత తినడం. ఏం చేసినా వంక పెట్టే అత్త భీమవ్వ ఆ రోజు బావి దగ్గర నలుగురిలో "మా కోడలు నిష్ట గల్లది" అంది. ఆ మాట సాయవ్వకు బెల్లం కంటే తీపిగా తగిలింది. ఇంకేం, సోమవారం శివుడికి రాసిచ్చేసింది. మంగళవారం హనుమంతుడికి, గురువారం దర్గాలో పీరుకు, శుక్రవారం ఎల్లమ్మకు, ఆదివారం మల్లన్నకు. బుధవారానికి దేవుడు దొరకక కొన్నాళ్లు ఇబ్బంది పడింది. చెరుకు కొట్టడానికి వచ్చిన ఒక మరాఠీ ఆమె "బుధవారం మా విఠోబాది" అనగానే ఆ ఖాళీ కూడా నిండింది. తర్వాత సాయంత్రం తినే ఆ కాస్త కూడా మానేసింది.

ఊళ్లో ఆడవాళ్లు ఆమె కాళ్లు మొక్కారు. నిజానికి సాయవ్వకు దేవుళ్లతో పని లేదు. "తిన్నవా?" అని ఎవరైనా అడిగితే "తినలే" అని చెప్పడంలో ఉన్న మజా కోసమే ఇదంతా. మూడు నాలుగు రోజులు పస్తున్నాక, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి బియ్యం గోలెం మూత తీసేది. పచ్చి బియ్యం బుక్క మీద బుక్క, పైన బెల్లం గడ్డ, ఆపైన చద్దన్నం కుండ అడుగంటా. కడుపు పగిలేటట్టు తిని, ఏడ్చి, మర్నాటి నుంచి ఇంకా గట్టి ఒక్కపొద్దు. పెళ్లి కాని పిల్ల బియ్యం బుక్కితే పెళ్లినాడు వాన పడుతుందంటారు. పెళ్లయ్యాక బుక్కితే ఏం పడుతుందో ఎవరూ చెప్పలేదు. సాయవ్వే పడింది, బావి గట్టు మీద, బొక్కెనతో సహా.

అది యాభై ఆరు, తెలంగాణను ఆంధ్రతో కలిపిన ఏడాది. కోడలిని ఎత్తుకున్న భీమవ్వకు బొక్కెనే బరువనిపించింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, దేవుళ్ల పటాలన్నిటినీ గోడకు తిప్పి పెట్టింది.

"ఏడుగురు దేవుళ్లు గూడి నీకు గిన్నెడు గంజి పొయ్యలేకపోయిండ్రు. ఆళ్లకు జవాబు నేను జెప్పుకుంట. నువ్వు తిను."

కోడలు తిననిదే తాను ముట్టనంది. ఎదురుగా కూర్చుని, ముద్ద దిగేదాకా కళ్లు తిప్పేది కాదు. పూట పూటకూ "తిన్నవా?" అని అడిగేది. సాయవ్వ నోటి నుంచి "తిన్న" అనే మాట మొదట్లో పన్ను పీకినట్టు వచ్చేది. పన్నెండేళ్లకు మామూలైపోయింది. అత్తాకోడళ్లు తిట్టుకుంటూనే ఒకే బంతిలో తిన్నారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో సాయవ్వకు తీరని దాహం పట్టుకుంది. కాలి మీద పుండు నెల దాటినా మానలేదు. చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టే మొగుడు లింబయ్య నిజామాబాద్ తీసుకుపోయాడు. డాక్టరు ఆమె ఉచ్చను నీలం మందులో కలిపి కాచాడు. మందు ఇటుక రంగుకు తిరిగింది.

"షక్కరి బీమారి" అన్నాడు.

"ఫ్యాక్టరి గేటుకాడ దినాం నా కీసలల్ల చెయ్యి పెట్టి దేవులాడుతరు సారూ. గీ షక్కరి ఎట్ల బయటికొచ్చింది?" అన్నాడు లింబయ్య.

డాక్టరు నవ్వలేదు. అన్నం బంద్. చక్కెర, బెల్లం, గెనుసుగడ్డ, అరటిపండు బంద్. పూటకు సగం జొన్నరొట్టె, దాంతో గుడ్లు, మాంసం, చేపలు, ఆకుకూరలు కడుపునిండా. ఇంకా గోళీలు. "పూట మాత్రం తప్పొద్దమ్మా. గోళీ మింగి ఉపాసముంటే కండ్లు తిరిగి పడతవు. పానానికే మోసం."

చివరి మాటలు సాయవ్వ చెవికి ఎక్కలేదు. "బంద్" ఒక్కటే ఎక్కింది.

ఇంట్లో భీమవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది.

"దీనికి బువ్వ అలవాటు జేసేసరికి నాకు పన్నెండేండ్లు పట్టింది. ఆ డాక్టర్‌గాడు ఒక్క మాటతోని బంద్ జేసిండా? ఆన్ని నా ముందటికి తీస్కరా!"

"పరేజు అవ్వా, పత్తెం తప్పది" అన్నాడు లింబయ్య.

మూడు రోజులు బాగానే గడిచాయి. చిక్కంతా మన మాటలో ఉంది. మన దగ్గర తినడమంటే అన్నమే. ఆరు గుడ్లు మింగినా, సేరు మాంసం నమిలినా, మెతుకు ముట్టకపోతే తిననట్టే. నాలుగోనాడు పక్కింటి వెంకటవ్వ గోడ మీద నుంచి తొంగిచూసింది.

"తిన్నవా సాయవ్వా?"

"అన్నం తింటలేనక్కా. నాల్గు దినాలాయె."

"ఓయమ్మ! నాల్గు దినాలా? ఏం నిష్టనే నీది! మేమైతే పూట దప్పితే సస్తం."

అంతే. పన్నెండేళ్ల కిందటి తీపి మళ్లీ నాలుకకు తగిలింది. ఆ సాయంత్రం గుడ్లు వీధికుక్కకు పోయాయి. మర్నాడు రొట్టె కూడా దానికే. గోళీ మాత్రం మింగింది. చేతులు వణికాయి, చెమట పట్టింది. సాయవ్వకు అది గెలుపులాగే అనిపించింది.

పట్టించింది కుక్కే. ఎవరికీ తోక ఊపని ఆ ముండ, సాయవ్వ కొంగు పట్టుకు తిరగడం మొదలుపెట్టింది. భీమవ్వ కుక్క మూతికి అంటిన పచ్చసొన చూసింది. కోడలి మొహం చూసింది. కొంగు ముడి విప్పి మాంసానికి పైసలు లెక్కపెట్టుకుంది.

మర్నాడు శనివారం. పొద్దు నడినెత్తికి రాకముందే వీధి అరుగు మీద రెండు తలెలు పెట్టింది. రెండింట్లోనూ యాట మాంసం కూర, గుడ్లు, సగం రొట్టె.

"అత్తమ్మా, ఇయ్యాల శనివారం."

"ఎర్కే. గందుకే అరుగు మీద పెట్టిన. ఎంకన్న గూడ సూడాలె."

"నీకెందుకు రొట్టె? నువ్వు బువ్వ తిను."

"నువ్వు తినేదే నేను తింట. కుక్కకు ఏసేదుంటే ముందుగాల నా తలె ఎయ్యి."

కుక్క వచ్చి నిలబడింది. నీళ్ల బిందెతో వెంకటవ్వ కూడా నిలబడింది.

"శనివారం నాడు యాటనా! ఏం కాలమొచ్చెనే... అయితే అన్నం తిననే లేదా సాయవ్వా?"

సాయవ్వ నోట్లో ముక్క ఉంది. "తినలే" నాలుక కొస మీద ఉంది. అబద్ధం కూడా కాదది. భీమవ్వ నమలడం ఆపేసింది. పన్నెండేళ్లు ముద్దలను కాపలా కాసిన కళ్లు అవి. సాయవ్వ ముక్క మింగింది.

"తిన్న" అంది. "గిదే నా బువ్వ."

"గిదేం బువ్వనే?"

"నీ పొయ్యి మీద కూర మాడుతుంది, పో" అంది భీమవ్వ.

వారం తిరిగింది. కోడలితో పాటు అత్తా రొట్టే తింటోంది. వండిన అన్నమంతా లింబయ్య టిఫిన్‌లో ఫ్యాక్టరీకి పోతోంది. ఒక మధ్యాహ్నం లోపలింట్లో గోలెం మూత చప్పుడైంది. సాయవ్వ చేతిలో చీపురు పక్కన పెట్టింది. ఒకప్పుడు ఆ చప్పుడు తనది. పోయి చూస్తే, డెబ్బై ఏళ్ల భీమవ్వ రెండు బుగ్గలూ ఉబ్బించి పచ్చి బియ్యం బుక్కుతోంది.

"తిన్నవా అత్తమ్మా?"

"తినలే" అంది భీమవ్వ. నోట్లోంచి నాలుగు గింజలు రాలాయి.

సాయవ్వ పడీ పడీ నవ్వింది. పొయ్యి అంటించి ఎసరు పెట్టింది. వేడి అన్నం అత్త తలెలో వడ్డించి, తన గుడ్లు, రొట్టె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"షక్కరి నాకు, నీకు కాదు. తిను" అంది.

ముసలిది ముద్ద మింగేదాకా కళ్లు తిప్పలేదు.