ఆగితే ఆరిపోతుంది

మా బాబాయి చీకటి పడ్డాక సైకిలు ఆపడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. పగలు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు, దిగుతాడు, స్టాండు వేస్తాడు, ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడుగుతాడు. దీపాలు పెట్టే వేళ దాటిందా, ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఎవరికైనా పనుంటే వాళ్ళు నిలబడాలి, ఈయన వాళ్ళ చుట్టూ సైకిలు తొక్కుతూ మాట్లాడతాడు.

ఇదంతా డైనమో మహిమ. బుడ్డిలా ఉండే ఆ వస్తువు వెనక చక్రానికి ఆనుకుని ఉంటుంది. చక్రం తిరిగితే అదీ తిరుగుతుంది, ముందు దీపం వెలుగుతుంది. చక్రం ఆగితే చీకటే. లోకంలో డైనమో పెట్టుకున్నవాళ్ళంతా ఆగినప్పుడు కాసేపు చీకట్లో నిలబడి, మళ్ళీ తొక్కుకుంటూ పోతారు. మా బాబాయి కూడా ఇరవై ఏళ్ళు అలాగే బతికాడు. రెండేళ్ళ కిందట ఏం పుట్టిందో, "ఆగితే ఆరిపోతుంది!" అని కేకలేస్తూ తిరగడం మొదలుపెట్టాడు.

కూరలబండి ఆవిడ ఈయన పుణ్యమా అని గురి నేర్చుకుంది. చుట్టుకో టమాటా చొప్పున ముందు బుట్టలోకి విసురుతుంది. అరకిలో అయ్యేసరికి ఆయనకు చెమటలు, ఆవిడకు కళ్ళు తిరగడం.

"ఒక్క నిమిషం దిగితే మీ సొమ్మేం పోతుందండీ?"

"దీపం పోతుందమ్మా! పచ్చిమిరపకాయలు కూడా వెయ్యి!"

ఇంటి దగ్గరా అదే తంతు. పిన్ని వచ్చి వరండా లైటు వేసేదాకా గేటు ముందు గుండ్రంగా తిరుగుతుంటాడు. పిన్ని పొయ్యి మీద ఏదైనా ఉంటే త్వరగా రాదు.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఎవడో," అంటూ వస్తుంది చివరికి. "నీకు బాబాయి కదే, నువ్వైనా చెప్పు."

"నీకు మొగుడు కదా, నువ్వే చెప్పు," అనేదాన్ని నేను.

నేనూ బాబాయీ పనిచేసేది ఒకే చోట, చొక్కాలు కుట్టే కార్ఖానాలో. నేను కాజాల మిషను మీద కూర్చుంటాను. బాబాయి మిషన్ల మెకానిక్కు. ఏ మిషను మొరాయించినా ఆయన చెయ్యి పడితే దారికొస్తుంది. అంత తెలివిగల మనిషికి ఇదేం తిక్క అని అందరూ నవ్వుకుంటారు. పేరు మానేసి "డైనమో" అనే పిలుస్తారు.

అందరికంటే గట్టిగా నవ్వేది కటింగ్ మాస్టారు. ఆయన కత్తెర పట్టాడంటే రెండు వందల చొక్కాల్లో ఒక్క కాలరు వెంట్రుకవాసి తేడా రాదు. ముక్కు మీద కోపం, నాలుక చివర ఎకసెక్కెం. సాయం అన్న మాట గిట్టదు. గుడ్డ తాను మొయ్యబోతే, "నా చేతులు పడిపోయాయా?" అని కసురుతాడు. ఒకసారి కోడలు సంచిలో టార్చిలైటు పెట్టి పంపిందని, "నేనేమైనా గుడ్డివాణ్ణా?" అంటూ అన్నం డబ్బా కూడా విప్పకుండా ఇంటికి పట్టుకుపోయాడు.

ఈ ఇద్దరికీ రోజూ యుద్ధమే. మాస్టారిది బ్యాటరీ పక్షం.

"నీ డైనమో కంటే మిణుగురు పురుగు నయమోయ్. అది ఆగినప్పుడూ వెలుగుతుంది."

"మీ బ్యాటరీ నట్టనడి రోడ్డు మీద చచ్చూరుకుంటే?"

"రాత్రి ఛార్జింగు పెట్టుకోవాలి. అంత బుర్ర ఉండాలి."

"నాకు బుర్ర అక్కర్లేదు మాస్టారూ, కాళ్ళుంటే చాలు!"

"వానొస్తే నీ బుడ్డి టైరు మీద జారుతుందిగా?"

"వానొస్తే మీ బ్యాటరీ లోపలికి నీళ్ళు పోతాయిగా?"

సాయంత్రం ఆరున్నరకు గంట కొడతారు. చలికాలం అప్పటికే చీకటి. మాస్టారు నడిచి వెళ్తుంటే, మా బాబాయి ఆయన చుట్టూ సైకిలు మీద గుండ్రాలు కొడుతూ, వాదన తెగక వాళ్ళ ఇంటిదాకా పోయేవాడు. మా ఇల్లేమో అటు కాదు, ఇటు. బాబాయి ఇల్లు చేరేసరికి పిన్ని వండినవన్నీ చల్లారిపోయేవి.

ఇలా ఉండగా ఒకరోజు కార్ఖానా గేటు ముందు తిరుగుతూ తిరుగుతూ బాబాయి నీళ్ళ డ్రమ్ముకు గుద్దుకున్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇక లాభం లేదని అందరినీ పోగుచేసి, తలా కొంచెం వేసుకుని, పట్టపగల్లా వెలిగే బ్యాటరీ లైటు ఒకటి కొన్నాం. టీ విరామంలో, చప్పట్ల మధ్య, మాస్టారి చేతులమీదుగా బాబాయికి ఇప్పించాం.

"ఇక నువ్వు మనిషిలా ఆగొచ్చు!" అన్నాడు మాస్టారు, గెలిచానన్న సంతోషంతో.

బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. సంతోషం పట్టలేకేమో అనుకున్నాను. ఆరున్నరకు మేమంతా గేటు దగ్గర కాపలా ఉండి, ఆ లైటు నా చేత్తోనే బిగించి, వెలిగించి, "ఇక తిన్నగా ఇంటికి పద బాబాయ్," అని నా సైకిలు ఆయన పక్కనే పెట్టి తోలుకుపోయాను. దారంతా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు మాస్టారు కుంటుకుంటూ వచ్చాడు. మోకాలికి కట్టు.

"ఏమైంది మాస్టారూ?"

"ఏమీ కాలేదు. మెట్టు మీదకొచ్చింది," అన్నాడు విసుగ్గా.

ఆ సాయంత్రం బాబాయి సైకిలుకు బ్యాటరీ లైటు లేదు. ఏదంటే పోయిందన్నాడు. మళ్ళీ "ఆగితే ఆరిపోతుంది!" అని కేక, మళ్ళీ గుండ్రాలు. ఇంటికెళ్ళి చూద్దును కదా, ఆ లైటు పిన్ని వంటగదిలో పోపులపెట్టె మీద కూర్చుని ఉంది. అందరి ముందూ నా పరువు తీశాడు. మర్నాడు రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని లైటు నా సంచిలో వేసుకుని, పని కాగానే వాళ్ళిద్దరి వెనకే సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాను.

మొదటి వీధి దాటాక వీధి దీపాలు లేవు. అక్కడ నాకో విచిత్రం కనిపించింది. బాబాయి గుండ్రం తిరిగి ముందుకు వచ్చి, వెలుగు రోడ్డు మీద పడినప్పుడు మాస్టారు నాలుగడుగులు వేస్తున్నాడు. వెలుగు వెనక్కి పోగానే ఆగి, చెయ్యి ఊపుతూ వాదిస్తున్నాడు. మళ్ళీ వెలుగు వచ్చాక నాలుగడుగులు. నేను ఇన్నాళ్ళూ వాదన ముదిరి ఆగుతున్నాడనుకున్నాను. మురికి కాలవ మీద పలక విరిగిన చోట బాబాయి, "మాస్టారూ, నా గొలుసు చప్పుడు చేస్తోంది, విన్నారా?" అంటూ మూడు గుండ్రాలు అదనంగా కొట్టాడు. మాస్టారు, "నూనె రాయి, మెకానిక్కువి నువ్వే కదా!" అని తిడుతూ ఆ గుంట దాటేశాడు.

మాస్టారు తన ఇంటి గడప దాటాక బాబాయిని నిలదీశాను.

"రేచీకటి," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "రెండేళ్ళయింది. ఓరోజు నా కళ్ళముందే ఆ కాలవలో దిగబడ్డాడు. చెయ్యి అందిస్తే, 'చల్లగా ఉందని దిగాను, నీకేం నొప్పి?' అన్నాడు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చూపు తగ్గిందని యజమాని చెవిన పడితే కత్తెర లాక్కుంటాడే. కార్ఖానాలో ట్యూబులైట్ల కింద ఆయనకి దారప్పోగు కూడా కనపడుతుంది. కానీ ఆ మాట ఎవరు వింటారు? ఆ కత్తెర లేకపోతే ఆ మనిషి లేడు."

"అయితే ఈ బ్యాటరీ లైటు వేసుకుని హాయిగా పక్కన నడవొచ్చుగా!"

"వెర్రిదానా, దీపం పట్టుకుని పక్కన నడిస్తే అది సాయం. సాయమంటే ఆయన అక్కణ్ణుంచి కదలడు. ఇదైతే నా పిచ్చి. నా పిచ్చిని భరించడానికి ఆయనకేం అభ్యంతరం లేదు."

"మరి కూరలబండి దగ్గరెందుకు తిరగడం? ఇంటి ముందెందుకు?"

"ఒక్క మాస్టారి దగ్గరే తిరిగితే అనుమానం రాదూ? పిచ్చన్నాక అందరి దగ్గరా ఒకేలా ఉండాలి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. టమాటాలు, నీళ్ళ డ్రమ్ము, పిన్ని తిట్లు, రెండేళ్ళు! మాస్టారి మోకాలు గుర్తొచ్చి సిగ్గు కూడా వేసింది. మర్నాడు, "ఆ లైటు మంచిది కాదు, నేనే షాపులో తిరిగిచ్చేశాను. డైనమోయే నయం," అని అందరికీ చెప్పేశాను.

మధ్యాహ్నం మాస్టారు నన్ను కటింగ్ బల్ల దగ్గరకు పిలిచాడు. అటూ ఇటూ చూసి, "మంచి పని చేశావమ్మాయ్," అన్నాడు.

"ఏం మాస్టారూ?"

"మీ బాబాయి పాపం మంచివాడే కానీ ఆ డైనమో గోల వినేవాడు లేడు. ఇంట్లో మీ పిన్ని వినదు, ఇక్కడ వీళ్ళు నవ్వుతారు. మా అబ్బాయి రోజూ బండి మీద వచ్చి తీసుకెళ్తానంటాడు. నేనే వద్దన్నాను. నేను కూడా వినకపోతే ఆ మనిషి దిగులు పెట్టుకోడూ? అందుకే ఓపిగ్గా నడుస్తున్నాను. ఈ మాట ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

"అనను మాస్టారూ," అన్నాను పెదవి కొరుక్కుని.

చలికాలం ముదిరి పొద్దు ఇంకా తొందరగా కుంకుతోంది. పైగా ఆ కాలవ మీద ఇంకో పలక విరిగింది. ఒక్క దీపం చాలదనిపించింది. ఆదివారం సైకిళ్ళ షాపుకు వెళ్ళి నా సైకిలుకూ డైనమో కావాలన్నాను. షాపతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ కాలంలో డైనమో ఏమిటమ్మా? బ్యాటరీ లైట్లు ఎన్ని రకాలు వచ్చాయో చూడండి. ఆగినా ఆరవు."

"వద్దండీ," అన్నాను. "నాకు ఆగితే ఆరిపోయేదే కావాలి."