బ్రోల్గాల మడుగులో నీళ్లు నిలిపిన ఏడాది

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, మెల్‌బోర్న్‌కు పడమరగా మూడు గంటల దూరంలో ఉన్న గొర్రెల పొలానికి నన్ను ప్రాజెక్టు ఇంజనీరుగా వేశారు. నేను పనిచేసింది ఒక స్వచ్ఛంద సంస్థలో. దాన్ని మొదలుపెట్టింది బాతుల వేటగాళ్లు. మడుగులు లేకపోతే బాతులూ ఉండవని వాళ్లకు అందరికంటే ముందే తెలిసింది. తర్వాత పక్షిప్రేమికులూ చేరారు. మీటింగుల్లో రెండు వర్గాలూ గట్టిగానే వాదించుకునేవి. నా పని మాత్రం ఇద్దరికీ కావలసిందే: ఎండగట్టిన మడుగుల్లో మళ్లీ నీళ్లు నిలపడం. తెనాలి కాలవల మీద పదేళ్లు నీళ్లు పారించినదాన్ని, ఆపడం ఏమంత పని అనుకున్నాను.

పొలం యజమాని డగ్లస్. అరవై దాటినవాడు, మాట తక్కువ. ఆయన తాతగారు మడుగు మధ్యగా కాలవ తవ్వి నీళ్లన్నీ ఏటిలోకి వదిలేశారు. అంతకుముందు అక్కడ బ్రోల్గాలు గూళ్లు కట్టేవి. బూడిద రంగు, తల మీద ఎర్రని పట్టీ, మనిషి భుజాలంత ఎత్తు. మన సారస పక్షికి దగ్గరి చుట్టాలు. మోకాలి లోతు నీళ్ల మధ్య రెల్లు కుప్పగా పేర్చి గుడ్లు పెడతాయి. పిల్ల ఎగిరేదాకా నీళ్లుండాలి. ముందే ఇంకిపోతే నక్కలు నడిచి వస్తాయి. డగ్లస్ మాకిచ్చింది ఒక్క ఏడాది. నీళ్లు నిలవకపోతే దున్ని బార్లీ వేస్తానన్నాడు.

ముందు లెవెల్ సర్వే చేశాం. అంటే ఎత్తుపల్లాలు కొలిచి, ఎంతవరకు నీళ్లు నిలిస్తే పక్క పొలాలు మునగవో తేల్చడం. తర్వాత కాలవకు అడ్డంగా బంకమట్టి కట్ట. పొరలుగా పోసి, ప్రతి పొరనూ రోలరుతో కుదించి, మిగులు నీళ్లకు ఒక పక్క అలుగు వదిలాం. ఎక్స్‌కవేటర్ నడిపింది రామన్న. చెరుకు తోటల పనికి ఫిజీ వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవడు. నన్ను అక్కా అనేవాడు.

జూన్ వానలకు మడుగు నిండింది. జూలైలో ఒక బ్రోల్గా జంట దిగింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. అదే వారం మట్టం రోజుకు రెండు వేళ్ల చొప్పున దిగడం మొదలైంది. కట్ట చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఎక్కడా చెమ్మ లేదు. డగ్లస్ గేటు దగ్గర ఆగి, “మీ మడుగుకు చిల్లు పడినట్టుందే,” అని వెళ్లిపోయాడు. మేనేజర్ ఫోన్ చేసి ఈ సీజన్‌కి వదిలేద్దామా అన్నాడు. వారం గడువు అడిగాను. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకే తెలియదు.

మర్నాడు కట్ట దిగువ నుంచి రామన్న కేకేశాడు.

“అక్కా, ఇటు చూడు. ఈ గడ్డి ఒక్కటే ఎంత డార్క్ గ్రీన్‌గా ఉందో! నీళ్లు ఊరితే అడ్డదిడ్డంగా పచ్చబడతది. ఇది రూళ్లకర్ర పెట్టి గీసినట్టుంది. మనిషి వేసిన లైన్ ఇది.”

మీటరు లోతు తవ్వగానే ఎర్రమట్టి గొట్టాలు, ఒకదాని మూతికి ఒకటి ఆనించినవి, బయటపడ్డాయి. లోపల నీళ్లు గలగలా పారుతున్నాయి. కాలవ చాలక తాతగారు భూమి కింద రెండో దారి వేశారన్నమాట. ఏ పటంలోనూ లేదు, డగ్లస్‌కూ తెలియదు.

వాటిని తీయాలంటే యజమాని సంతకం ఉండాలి. కాగితం అందించాను. డగ్లస్ అది తీసుకోకుండా గుంతలోకి దిగి, గొట్టం మీద చెయ్యి వేశాడు.

“ఇవన్నీ తాత చేత్తో పేర్చినవే అయ్యుంటాయి,” అన్నాడు.

వద్దంటాడేమో అనుకున్నాను. ఆయన రామన్న చేతిలోని గడ్డపార అడిగాడు. “మా వాళ్లు తెరిచింది నేనే మూస్తాను.” మొదటి గొట్టం ఆయనే పగలగొట్టాడు. సంతకం తర్వాత పెట్టాడు. పద్ధతి ప్రకారం అది తప్పే, రిపోర్టులో రాయలేదు.

గొట్టాలను కట్ట కిందదాకా పెరికి, ఆ కందకాన్ని బంకమట్టితో కూరాం. ఆగస్టు వానలకు నీళ్లు అలుగు దాకా వచ్చి, అక్కడే నిలిచాయి. జంట గూడు కట్టింది. రెండు గుడ్లలో ఒక పిల్ల దక్కింది.

క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు డగ్లస్ ఫోన్ చేసి, “ఇవాళో రేపో ఎగురుతుంది, రండి,” అన్నాడు. మేం వెళ్లేసరికి వేటగాళ్లూ పక్షిప్రేమికులూ కంచె పొడుగునా నిలబడి ఉన్నారు. ఎవరూ వాదించుకోవడం లేదు. పిల్ల తడబడుతూ పరిగెత్తి, రెక్కలు విప్పి, తల్లిదండ్రుల వెనకే మడుగు మీదుగా ఒక చుట్టు తిరిగింది. రామన్న టోపీ గాల్లోకి విసిరేశాడు. నేను అరిచిన అరుపుకు గొర్రెలు బెదిరాయి. డగ్లస్ ఆ మడుగును ఎప్పటికీ దున్ననని ఒప్పందం రాసిచ్చి, పొలం అవతలి పల్లాన్ని కూడా సర్వే చేయమన్నాడు.

ఆ తర్వాత పని క్రమం మార్చాను. కట్ట వేయబోయే చోట ముందు అడ్డంగా కందకం తీసి, అడుగున ఏముందో చూడడం తప్పనిసరి చేశాను. లెవెల్ పరికరం నేల పైభాగాన్నే కొలుస్తుంది. మిగతాది పొలంలో నడిచి, మెషీను నడిపేవాడిని అడిగి తెలుసుకోవాలి. మా సంస్థ పనిపద్ధతుల పుస్తకంలో ఈ రెండు నియమాలూ నేను చేర్చినవే.