క్యారీలో కొసరు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి లావణ్య వీలైనంతవరకు నల్లజాతి వాళ్ల దుకాణాల్లోనే కొంటుంది. "వాళ్లకి లోన్లు దొరకడమే కష్టమమ్మా, మనం సపోర్ట్ చేయాలి" అంటుంది. నేను వెళ్లినప్పుడు ఒక మిఠాయి కొట్టుకు తీసుకెళ్లింది. దాన్ని నడిపే డెనీస్‌ది ఇంచుమించు నా వయసే.

డెనీస్ పాకం బిళ్లలు తూచి పొట్లం కట్టగానే, నేను అలవాటుగా చెయ్యి చాపి "కొసరు వెయ్యమ్మా" అన్నాను.

లావణ్య ముఖం కందిపోయింది. "అమ్మా! సపోర్ట్ చేద్దామని వస్తే ఫ్రీగా అడుగుతావేంటి? ఆవిడేమనుకుంటుంది?"

నేనేమన్నానో చెప్పమని డెనీస్ పట్టుబట్టింది. లావణ్య సారీలు చెబుతూ ఇంగ్లీషులో చెప్పింది. డెనీస్ పకపకా నవ్వి, నా చేతిలో రెండు బిళ్లలు పెట్టింది. వాళ్ల న్యూ ఆర్లీన్స్‌లో కొసరును లాన్యాప్ అంటారట. ఇక్కడ కొట్టు పెట్టాక మొదటిసారి అడిగింది నేనేనట.

తర్వాత లావణ్యను చూపిస్తూ ఇంకేదో అంది. అది నాకు తెలుగులో చెప్పడానికి పిల్ల తెగ ఇబ్బందిపడింది. "నేను జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చినట్టు వస్తానట. నువ్వు కొనడానికి వచ్చావట."

"నిజమే కదే" అన్నాను.

లావణ్య ఉక్రోషంగా పొట్లం విప్పి, ఒక బిళ్ల కొరికి, "తీపి కాస్త ఎక్కువైంది" అని డెనీస్ ముఖం మీదే చెప్పింది. డెనీస్ దాని చేతిలోనూ ఒక కొసరు బిళ్ల పెట్టింది.