నీలమ్మ ముడికి నేను చేసిన అన్యాయం

అది 1911వ సంవత్సరం. మా టెక్కలి అప్పటికి గంజాం జిల్లాలో ఉండేది. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దస్తావేజులు వ్రాసి జీవించేవారం ముగ్గురం. మాలో మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాడిని నేనొక్కడినే. నా వ్రాతలో కొట్టివేత కనిపించదని పేరుండేది. ఆ పేరు మీద నాకు మమకారం మెండు.

ఈనాటివలె ట్రేడ్ మార్కులకు ప్రత్యేక చట్టం ఆనాడు లేదు. సరుకు మీది గుర్తు తనదేనని చాటదలచినవారు స్టాంపు కాగితం మీద డిక్లరేషన్, అనగా హక్కు ప్రకటన, వ్రాయించి రిజిస్టరు చేయించుకొనేవారు. ఎవరైనా ఆ గుర్తును దొంగిలిస్తే కోర్టులో అది సాక్ష్యానికి పనికివచ్చేది.

పూండి దాపున ఉన్న సముద్రపుటొడ్డు పల్లె నుండి నీలమ్మ అనే ఆమె భర్తను వెంటబెట్టుకొని వచ్చింది. అతడు సముద్రం మీద చేపల వేటకు పోతాడు, ఆమె కొబ్బరిపీచుతో లంగరు మోకులు పేనుతుంది. ప్రతి మోకు కొసనూ మూడు చుట్లు తిప్పి ఒక ముడి వేస్తుంది. మసక వెలుతురులో, తడిచేతులతో ఆ కొసను తడిమి, ‘ఇది నీలమ్మది’ అని నమ్మి వేటగాళ్లు పడవ కట్టుకొనేవారు. సంతలో ఒక వర్తకుడు నాసిపీచు మోకులకు అదే ముడి వేసి అమ్ముతున్నాడట.

“ఆడి తాడు తెగితే తిట్లు నాకు తగులుతన్నాయి బాబూ! మా అమ్మ నేర్పిన ముడి. ఇది నాదేనని కాయితం రాసీండి.”

“ముడికి కాయితమేటే? రేపు నీ కొప్పుకీ రాయించుకో,” అని భర్త నవ్వాడు.

“నువ్వూరుకో మావా. నీ పడవ నిలబడేది ఆ ముడి మీదే.”

ఆమె చెప్పినది చెప్పినట్టు వ్రాసి ఉంటే సరిపోయేది. కాని పీచు ముడి దస్తావేజుకు తగిన వస్తువుగా నాకు తోచలేదు. పెద్ద వర్తకుల బట్టల బేళ్ల మీద అచ్చుబొమ్మలు చూచినవాడిని కనుక కాగితం మీద చక్కని శంఖం గీచి, ‘ఇదియే మా వంశపారంపర్యపు గుర్తు’ అని వ్రాశాను. చివరి పంక్తి అన్ని దస్తావేజులలోనూ ఉండేదే: ‘చదివి వినిపించగా విని, ఒప్పుకొని వేలిముద్ర వేసినది.’ నేను చదవలేదు, ఆమె వినలేదు. వేలిముద్ర మాత్రం పడింది.

లోపల సబ్ రిజిస్ట్రారుగారు ఆనవాయితీ ప్రకారం ఆమెను విచారించారు.

“ఈ గుర్తు నీదేనా?”

నీలమ్మ కాగితం మీదికి వంగి చూచింది. “కాదు బాబూ. నాది శంకం కాదు, ముడి.”

వ్రాయించినవారే కాదన్న దస్తావేజును రిజిస్టరు చేయరాదు. ఆయన రెఫ్యూజల్, అనగా తిరస్కారపు ఉత్తరువు, వ్రాసి కారణం ఒక్క పంక్తిలో చేర్చారు. పిమ్మట నావైపు చూచి, “చదివి వినిపించారా పంతులుగారూ?” అన్నారు.

“వినిపించానండి,” అన్నాను.

బయట వరండాలో తోటి లేఖకులిద్దరూ చెవులు రిక్కించుకొని ఉన్నారు. “ఏటైంది బాబూ?” అని నీలమ్మ అడిగింది. వారి ఎదుట నా పొరపాటును నేనే చెప్పుకొనడం నా వల్ల కాలేదు.

“సర్కారు ఒప్పుకోలేదు. నీ ముడి చెల్లదు.”

“సెల్లదా?” అని మాత్రం అని, ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆరు నెలల తరువాత ఒక రైతు వీలునామా వ్రాయడానికి ఆ పల్లెకు వెళ్లాను. నీలమ్మ ముంగిట మోకులు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ కొసన ముడి లేదు.

“ముడి ఏదీ?” అన్నాను.

“మీరే కదేటి సెల్లదన్నారు! సర్కారు వద్దన్నాక ఏస్తే జైలుకి ఎట్టుకుపోతారని మా మావ బయపడిపోనాడు. ఇప్పుడా ముడి సంత సావుకారి తాళ్లకే ఉంది. అయ్యి నేను పేనినయ్యే అనుకుని కొంటన్నారు. మొన్న ఆడి మోకు తెగి, పక్క పల్లెలో ఒకడి పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చి పగిలిపోనాది. ఆ తాడు ముక్క తెచ్చి నా మొకాన ఇసిరీసి ఉమ్మేసి పోనాడు బాబూ.”

తిరస్కారం వేరు, నిషేధం వేరు. కాగితం రిజిస్టరు కానంత మాత్రాన ముడి వేసుకోరాదని ఏ చట్టమూ అనలేదు. ఆ మాట చెప్పవలసినవాడిని నేనే. అప్పుడైనా నిజం చెప్పి ఉండవలసింది.

“ఉత్తరువు మారింది నీలమ్మా. ముడి వేసుకో,” అన్నాను.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “మీరే సెప్పి ఒప్పించినారా? మీ కడుపు సల్లగుండాల!” అంటూ రెండు కొబ్బరికాయలు తెచ్చి నా సంచిలో పెట్టింది. నేను వద్దనలేదు.

మరుసటి నెల కొత్త డిక్లరేషన్ వ్రాసి, ప్రతి అక్షరమూ చదివి వినిపించి, రిజిస్టరు చేయించాను. ఆ ముడిని మాటలలో వర్ణించడానికి నాకు పట్టినవి నాలుగే పంక్తులు.

ఆనాటి నుండి చదివి వినిపించని దస్తావేజు మీద వేలిముద్ర వేయించలేదు. తిరస్కారం వస్తే, కారణమేమిటో, ఇకమీదట చేయదగినదేమిటో వ్రాయించినవారికి అర్థమయ్యే మాటలలో చెప్పి గాని పంపలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారు నా నుండి నేర్చుకోదగినది అంతవరకే. పడవ పోగొట్టుకొన్నవాడి దగ్గరకు వెళ్లి, తప్పు నీలమ్మది కాదని చెప్పవలసిన పని ఒకటి మిగిలిపోయింది. వెళితే, మరి ఎవరిదని అతడు అడుగుతాడు. అతని పల్లె ఆమె పల్లెకు కోసెడు, అనగా రెండు మైళ్ల, దూరం. ఆ కోసెడు దూరం నేను ఏనాడూ నడవలేదు.