గెనిమ మీది గరిక

ఆ రోజుల్లో మా గెనిమల మీది (పొలం గట్టును మా వైపు అలాగే అంటాం) గరికకూ, ఇంట్లో నాకూ ఒకటే బిరుదు: పనికిరానిది. పదో తరగతి లెక్కలకూ నాకూ పొసగలేదు (తప్పు లెక్కలదే). గరికను పీకీ పీకీ అలసిపోయిన మా నాయన, ఇక నన్ను ఊళ్ళోంచి పీకే పనిలో పడ్డాడు. "సోమవారం తిరపతికి పోవాల్సిందే. మీ మామ హోటల్లో ప్లేట్లు కడుగుదువుగాని." ఊరు వదలమంటే నాకు ప్రాణం మీదికొచ్చింది. కాణిపాకం మాకు సైకిలు దూరం. అక్కడి వినాయకుడికి గరికంటే ప్రీతి, ఇక్కడి మా నాయనకు గరికంటే మంట. ఈ రెంటి నడుమ ఒక వ్యాపారం ఉందని నాకు తోచింది. "నాయనా, ఆదివారం ఒక్కరోజు ఇయ్యి. గరిక అమ్మి సూపిస్తా." "కసువు అమ్ముతాడంట! అమ్ముడుపోకుంటే నువ్వే మేసేసి రా," అన్నాడు.

శనివారమంతా కోసి, అరటినారతో కట్టలు కట్టి, తెల్లారగానే గుడి వీధిలో బుట్ట దించాను. "గరికా, గరికా" అని పది నిమిషాలు గొంతు చించుకుని వెనక్కి తిరిగితే, ఒక ఎర్రావు తీరిగ్గా నా సరుకులో సగం మేసేసింది. ఒళ్ళు మండి చెయ్యెత్తాను. పక్కన పూలమ్మే అవ్వ లేచింది. "రేయ్, గుడి ముందర ఆవును కొడితివంటే స్వామి ఊరుకోడు, నేనూ ఊరుకోను!" ఎత్తిన చేతికి రెండోది జతచేసి, ఆవుకు దణ్ణం పెట్టేశాను. ఆ భక్తి చూసి, వేలూరు నుంచి వచ్చిన ఒకావిడ ఆగింది. "తంబీ, ఆవుకు పెట్టేదానికి మాకొక కట్ట ఇస్తావా?" ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. "ఒక కట్ట సామికి, ఒక కట్ట గోమాతకి!" అని నేను అరుస్తూ ఉంటే, మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ అయింది.

ఇంటికెళ్తే నాయన బుట్టలోకి తొంగిచూశాడు. "నిజంగానే మేసేసినావా?"

"నేను కాదు నాయనా, నా పార్ట్‌నరు."

గరిక డబ్బులు ఆయన చేతిలో పోసినా, నమ్మకం చాలక సోమవారం సంచి సర్దుకుని ఎదురుచూశాను. నన్ను బస్సెక్కించాల్సిన మనిషి పొలంలో ఉన్నాడు. దగ్గరికెళ్ళి గెనిమ మీద అడుగు పెట్టానో లేదో, కేకేశాడు: "రేయ్, ఆడ తొక్కబాకురా! సరుకు నలిగిపోతాది."

నిన్నటిదాకా కసువు. ఆ ఒక్క మాటతో నా తిరుపతి బస్సు నేనెక్కకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో పన్నెండుమంది ఆడవాళ్ళు గరిక మాలలు కడతారు. అవి ఆటోలో చిత్తూరు దాకా వెళతాయి. కాణిపాకంలో నన్ను గరికోడంటారు, పలుకుతాను. కానీ అక్కడ ఎర్రావు కనిపిస్తే మాత్రం, చెయ్యెత్తి నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి, ఒక కట్ట దాని ముందు పెట్టి వస్తాను. భాగస్వామి వాటా ఎగ్గొట్టకూడదు కదా.