అత్తయ్యకు బెజవాడ చూపించిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలిసిన బెజవాడ అంతా కలిపి రెండు దారులు. ఒకటి పటమటలోని నా గది నుంచి ఆటోనగర్‌లో నేను పనిచేసే షాపుకి, రెండోది ఆ షాపు నుంచి మెస్సుకి. లారీల విడిభాగాలు అమ్మే ఆ షాపులో బిల్లులు కొట్టడం నా మొదటి ఉద్యోగం. అయితే మనిషికి తెలిసినదానికీ చెప్పుకునేదానికీ సంబంధం ఉండాలని ఎక్కడా రూలు లేదు కదా. సెలవులకి ఉయ్యూరులో మా మేనత్త ఇంటికి వెళ్లినప్పుడల్లా బెజవాడని నేనే కట్టించినట్టు మాట్లాడేవాణ్ణి. ఏ బస్సు ఎక్కితే ఎక్కడ తేలతామో, పునుగులు ఏ సందులో బాగుంటాయో, టాక్సీ, గైడు లాంటివేమీ లేకుండా సిటీ బస్సు పాసు మీద ఒక్కరోజులో ఊరంతా ఎలా చుట్టి రావచ్చో అరుగు మీద కూర్చుని చెబుతుంటే అందరూ వినేవాళ్లు. (చాలావరకు ఫోన్లో చూసిన వీడియోల్లోంచి ఎత్తిన ముక్కలే.) వాళ్లలో అత్తయ్య కూడా ఉండేది. మిగతావాళ్లు విని మరిచిపోయారు. అత్తయ్య విని దాచుకుంది.

ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే గది ముందు చేతిసంచితో అత్తయ్య నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒక్కరోజులో ఊరు చూపిస్తానన్నావు గదరా. పద, చూపించు. సాయంత్రం బస్సుకి పుట్టింటికి, మీ నాన్న దగ్గరికి పోతాను. ఇక ఆ ఇంటికి మాత్రం వెళ్లను," అంది.

ఆ ఇల్లు అంటే మావయ్య ఇల్లు. సంగతేమిటంటే, చెరుకు సీజను అయిపోయాక మావయ్య స్నేహితులతో కలిసి ఊటీ వెళ్లొచ్చాడు. మగవాళ్లే వెళ్లే టూరని చెప్పాడట. తిరిగొచ్చాక ఫొటోలు చూస్తే, మిగతావాళ్లంతా భార్యలతోనే ఉన్నారు.

"ఊటీలో ఏముంటుందిరా, చలేగా. ఆ చలేదో ఇద్దరం కలిసి పడేవాళ్లం," అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె బెజవాడ వచ్చిందంటే ఆసుపత్రికో బట్టల కొట్టుకో, అంతే. ఆ పని అవగానే మావయ్య బస్సెక్కించేసేవాడు.

మా షాపు యజమానికి ఫోన్ చేసి సెలవడిగి, స్నానానికి వెళ్తున్నట్టు వెళ్లి మావయ్యకి చేశాను.

"అక్కడికొచ్చిందా," అని ఆయన పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. "వస్తున్నా. నేనొచ్చిందాకా ఎటూ పోనివ్వకు. ఫోన్ మాత్రం ఎత్తుతుండు అల్లుడూ."

అలా ఆ రోజు నాకు ఏకకాలంలో రెండు ఉద్యోగాలు దొరికాయి. అత్తయ్యకి గైడు, మావయ్యకి వేగు.

నా పథకం ప్రకారం ముందు గాంధీ కొండ, తర్వాత మ్యూజియం. తెల్ల చొక్కా వేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుంటే అత్తయ్య అడ్డుకుంది. "కొండ ఎక్కడికీ పోదులే. ముందు లారీ ఎలా పుడుతుందో చూపించు." పుట్టినప్పటి నుంచి చెరుకు లారీలు చూస్తోంది కానీ, అవి ఎక్కడ ఎలా తయారవుతాయో ఎవరూ చెప్పలేదట. ఆటోనగర్‌ని చూడవలసిన చోటుగా ఎవరైనా లెక్కేస్తారని నాకెప్పుడూ తోచలేదు. తీసుకెళ్లాను.

గేటు దాటగానే ఎదురుగా ఒక లారీ వచ్చింది. లారీ అంటే పూర్తి లారీ కాదు, కొత్త ఛాసీ. పైన క్యాబిను లేదు, వెనక బాడీ లేదు. చక్రాలు, ఇంజను, వాటి మీద చెక్కపలక, ఆ పలక మీద తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు. అత్తయ్య రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"అదేంటిరా, బట్టల్లేకుండా పోతోంది," అంది.

"బాడీ కట్టించుకోవడానికి పోతోందత్తయ్యా."

"అంటే టైలరు దగ్గరికన్నమాట."

ఆ టైలరు దగ్గరికి కూడా వెళ్లాల్సి వచ్చింది. షెడ్డులో ఇనుప చట్రాలు వెల్డింగు చేస్తుంటే మెరుపుల వంక చూడకూడదని నేను, ఎందుకు చూడకూడదని ఆమె. పక్కనే పెయింటర్ భాయ్ ఒక లారీ తలుపు మీద తామరపువ్వు వేస్తున్నాడు. పువ్వే ఎందుకు వేస్తారు, నెమలి ఎవరడుగుతారు, వానకి రంగు పోదా అని వరసగా అడిగింది. ఆయన ఓపిగ్గా జవాబులు చెప్పి, చివరికి కుంచె ఆమె చేతికే ఇచ్చాడు. "ఒక రేకు మీరెయ్యండమ్మా." అత్తయ్య పెదవి బిగించి రేకు వేసింది. అది గీత దాటి బాగా బయటికొచ్చింది.

"పర్వాలేదమ్మా. పువ్వు ఇంకొంచెం విచ్చుకుంది," అన్నాడు భాయ్.

ఇంతలో నా ఫోన్ మోగింది. మావయ్య ఉయ్యూరులో బస్సెక్కాడు. నేను ఒక స్తంభం చాటుకి వెళ్లి గుసగుసగా ఆటోనగర్ అని చెప్పి వచ్చేసరికి అత్తయ్య సంచి భుజాన వేసుకుని, బ్యారేజీ ఎటని ఎవరినో అడుగుతోంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రతి బోర్డునీ నా చేత చదివించుకుంది. అదేం కొట్టు, ఆ గుంపేమిటి, ఆ మేడ మీద అంత పెద్దగా ఉన్న మొహం ఎవరిది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పాను. బస్టాండు దగ్గర దిగాక ఎండకి తట్టుకోలేక చెరుకు రసం తాగుదామంటే మాత్రం ఒప్పుకోలేదు. "చెరుకు పండించేవాళ్లం, రసం కొనుక్కు తాగడమా," అని, బండివాడితో ఆ గడలు ఏ ఊరివో ఆరా తీసి, మంచినీళ్లు తాగి నడిచింది. నన్నూ తాగనివ్వలేదు.

బ్యారేజీ మీద గాలి హోరుగా ఉంది. అత్తయ్య పిట్టగోడ పట్టుకుని నీళ్ల వంక చాలాసేపు చూసింది. తర్వాత, "మన పొలానికొచ్చే నీళ్లు ఇక్కణ్ణించి ఎటు పోతాయిరా," అంది. నేను చెయ్యి చాపి ఒకవైపు చూపించాను. ఆమె నా మొహం చూసి, దారిన పోయేవాళ్లని అడిగింది. ఒకాయన ఇటన్నాడు, ఇంకొకాయన అటన్నాడు. మూడో ఆయన తనది హైదరాబాదన్నాడు.

సరిగ్గా అప్పుడే మావయ్య ఫోన్. నేను కంగారుపడి దాచేలోపే ఎవరిదో పసిగట్టి అత్తయ్య లాక్కుంది.

"ఏవండీ, మన పొలానికి నీళ్లు బ్యారేజీకి ఎటు పక్క నుంచి పోతాయి?"

అటువైపు నుంచి మావయ్య గొంతు, నాకూ వినపడేటంత గట్టిగా: "నీళ్లు పోయేవైపు తిరిగి నిలబడితే ఎడమ చేతి పక్కనే. ఊరి వైపు. నువ్వు బ్యారేజీ మీదున్నావా? నేను ఆటోనగర్‌లో..."

అత్తయ్య ఫోన్ కట్టేసింది. నీళ్లు పోయేవైపు తిరిగి, ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుంది. "ఈ ఒక్కటీ తెలుసు ఆయనకి," అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

అక్కణ్ణించి సర్వీసు ఆటోలో ఉండవల్లి గుహలకి. కొండని అంతస్తులు అంతస్తులుగా తొలిచిన ఆ గుహల్లో అత్తయ్య ముందు, నేను వెనక. పడుకుని ఉన్న పెద్ద విగ్రహం దగ్గర ఆమె తల నుంచి పాదాల దాకా చేత్తో గాలిలో కొలుస్తూ నడిచింది. "ఒకటే రాయా? తొలిచేవాడి సుత్తి ఒక్కసారి జారితే ఏం చేసేవాళ్లు?" నేను వెనక్కి తిరిగి ఫోన్లో మావయ్యకి దారి చెబుతున్నాను. (లొకేషన్ పంపించమంటాడు, పంపిస్తే దాన్ని తెరవడం రాదంటాడు.)

కాసేపటికి కింద మెట్ల దగ్గర మావయ్య కనిపించాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. ఎక్కలేక అక్కడే కూర్చున్నాడు. నేను చూపిస్తే, "ఎవరురా ఆయన," అంది అత్తయ్య. వెటకారమనుకుని బెదిరిపోయాను. కిందికి దిగాం. మావయ్య జేబులోంచి ఒక కళ్లజోడు పెట్టె తీసి ఇచ్చాడు.

"టీవీ మీద మరిచిపోయొచ్చావే," అన్నాడు. "పడతావేమోనని."

అప్పుడు తట్టింది నాకు. ఆ రేకు గీత దాటడం, ప్రతి బోర్డూ నా చేత చదివించడం, ఎదురుగా ఉన్న మొగుణ్ణి ఎవరురా అనడం. కోపంలో కళ్లజోడు వదిలేసి, ఆ మాట చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చి, పొద్దున్నుంచీ సగం ఊహతోనే ఊరు చూస్తోంది మా అత్తయ్య.

ఆమె జోడు పెట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మావయ్య మెడ తుడుచుకుంటూ నేల వంక చూసి అన్నాడు, "తీసుకెళ్లాల్సింది. అందరూ తీసుకొచ్చారని బయల్దేరే చోటికెళ్లాకే తెలిసింది. సిగ్గేసింది. ఊటీలో ఉన్నన్నాళ్లూ పొగమంచే. ఎదురుగా ఏముందో కూడా కనపడలేదు."

అత్తయ్య పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"నేనూ ఏమీ కనపడకుండానే ఊరంతా చూశానండీ," అంది.

ఇద్దరూ నవ్వారు. మావయ్యకి దగ్గు కూడా వచ్చింది. అత్తయ్య అప్పుడు జోడు పెట్టుకుని, తల ఎత్తి, ఆ కొండని మొదటిసారి చూసినట్టు చూసింది. ఇక ప్రశ్నలు తగ్గుతాయని ఆశపడ్డాను. రెట్టింపయ్యాయి. "పదండి. మళ్లీ ఎక్కాలి. తర్వాత బ్యారేజీ, తర్వాత లారీలు కట్టేచోటు," అంది. మావయ్య నా వంక దీనంగా చూశాడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఆమె చెప్పేది వింటూ, వెనకే ఎక్కాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఉయ్యూరు బస్సే ఎక్కారు.

ఇప్పుడు నాకూ పెళ్లయింది. బెజవాడలోనే ఇల్లు. వాళ్లిద్దరూ మాత్రం అప్పటినుంచి ఖాళీ దొరికితే సంచి సర్దుకుని ఏదో ఒక చోటికి పోతూనే ఉన్నారు. మొన్న అత్తయ్య ఫోన్ చేసి, కొండపల్లి వెళ్లొచ్చామని, కోట మీద గాలి ఎంత బాగుందో చెప్పి, "నువ్వెప్పుడు చూశావురా," అని అడిగింది. ఇంకా లేదన్నాను.

"పక్కనే ఉండి ఇంకా చూడలేదా? ఆదివారం కోడలిపిల్లని తీసుకుని బయల్దేరు. మేం చూపిస్తాం," అంది.

మా ఆవిడ అది విని అప్పుడే చెప్పులు వెతుకుతోంది. నాకు మాత్రం జేబులో దువ్వెన పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఊరంతా తనదే అన్నట్టు గదిలోంచి బయల్దేరిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడికీ ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది.