తాళం తీసినా ఆగని ఖాలిద్ కారు

మా చిన్నప్పుడు... బడికి సెలవైన శుక్రవారం వస్తే చాలు, మా నాయన నన్ను వెంటబెట్టుకుని అల్ రాయ్‌లోని గ్యారేజీకి వెళ్ళేవాడు. రాజంపేట నుంచి కువైట్ వచ్చిన మెకానిక్ ఆయన. అమ్మకు ఆ రోజు కుట్టుపని ఎక్కువ... ఇంట్లో ఉంటే నేను మిషను తొక్కనిచ్చేదాన్ని కాదు.

గ్యారేజీలో ఓ పాత టైరు మీద కూర్చుని, అమ్మ కట్టిచ్చిన సద్ది తింటూ, నాయన పని చూస్తుండేదాన్ని.

ఆ వేసవిలో లారీ మీద ఒక కారు వచ్చింది... నిండా దుప్పటి కప్పుకుని.

దుప్పటి లాగితే ముదురాకుపచ్చ రంగు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. అరవైల నాటి అమెరికా బండి.

"ఎనిమిది సిలిండర్లు పాపా! ఇది ఒగ పూట తాగే పెట్రోలుతో మన బండి వారమంతా తిరుగుతాది" అన్నాడు నాయన, దాని బానెట్ నిమురుతూ.

తెచ్చినవాడు నాసర్ అనే కువైటీ యువకుడు. రుమైథియాలో వాళ్ళ ఇల్లు. కారు వాళ్ళ పెదనాన్న ఖాలిద్‌ది.

ఖాలిద్ కథ నాసరే చెప్పాడు. ఆ రోజుల్లో ఎడారిలో తిన్నగా పోయే రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, ఎవరో రుమాలు ఊపగానే వదిలేవారట. డ్రాగ్ రేసు. ఒక సాయంత్రం ఖాలిద్ గెలిచాడు. గెలిచి, ఆగకుండా ఇంకా ముందుకెళ్ళాడు...

స్నేహితులు వెతుక్కుంటూ పోతే కారు రోడ్డు పక్కన నిలబడి ఉంది. చిన్న దెబ్బ కూడా లేదు. ఇంజను నడుస్తూనే ఉంది. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ఖాలిద్‌లో మాత్రం ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు.

అప్పటినుంచి ఖాలిద్ తల్లి, అంటే నాసర్ నానమ్మ, ఆ బండిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఆవిడ ఆస్పత్రిలో ఉంది కాబట్టి నాసర్ తెచ్చేశాడు. దాంతోనే రేసుకు వెళ్ళాలని అతని పట్టుదల.

"సచ్చిపోయినాయన బండి... మనకెందుకబ్బా" అని నాయన ఇంట్లో గొణిగాడు. కానీ వాళ్ళు కఫీల్‌కు, అంటే నాయనకు వీసా ఇచ్చిన యజమానికి, కావలసినవాళ్ళు. కాదనే ధైర్యం లేదు. ఆ వేసవంతా దానితోనే సరిపోయింది.

రేసు రోజు మధ్యాహ్నానికే దుమ్ము లేచింది. ఆకాశం ముందు పసుపు, తర్వాత నారింజ... చివరికి ఎండిన మిరపకాయ రంగు. ఎదుటి షోరూమ్ కూడా కనపడలేదు. సాయంత్రానికి తగ్గుతుందిలే అని నాసర్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజను వేడెక్కిస్తున్నాడు. ఆ మోతకు నా పళ్ళు అదురుతున్నాయి.

రోడ్డు మీద ఏదో కారు ఆగింది. ఆ దుమ్ములోంచి నల్లటి అబాయాలో ఒక ముసలావిడ నడిచి వచ్చింది. ఖాలిద్ తల్లి. ఆ రోజే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, కారు లేకపోవడం చూసిందట.

"యుమ్మా! నువ్వెందుకొచ్చావు?" అన్నాడు నాసర్. నానమ్మను అలాగే పిలిచేవాడు.

ఆవిడ పక్క తలుపు తీసి కూర్చుంది. "నువ్వు దిగు నాసర్" అంది.

నాసర్ దిగాడు. నాయన బయటినుంచే కిటికీలో చెయ్యి పెట్టి, తాళం తిప్పి బయటికి లాగేశాడు.

ఇంజను ఆగలేదు.

తాళం నాయన చేతిలో ఉంది... కారు మాత్రం ఒళ్ళంతా ఊగుతూ, దగ్గుతూ నడుస్తూనే ఉంది. డ్రైవర్ సీట్లో ఎవరూ లేరు.

"ఆపు! యల్లా, ఆపు!" నాసర్ అరిచాడు. ఇంజనుకు గాలి అందకుండా మూసి ఆపుదామని నాయన గుడ్డ తీసుకుని బానెట్ వైపు పరిగెత్తాడు.

ముసలావిడ చెయ్యెత్తింది. "ఖల్లీ... వదిలెయ్. ఆ రోజు నన్ను ఎడారికి పిలిపించారు, వాడి ఒళ్ళోకి వంగి నేనే ఆపాను. ఎవరికీ చేతులు రాకపోతే నేనే ఆపాను. ఈసారి దానంతటదే ఆగనీ."

నాయన గుడ్డతో బానెట్ దగ్గరే ఆగిపోయాడు.

ఆవిడ ఖాళీ సీటు వైపు తిరిగింది. ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు వింటోంది... మధ్యమధ్య తల ఊపుతోంది. ఒకసారి చిన్నగా నవ్వింది కూడా. "సరే నాన్నా, సరే" అంది.

ఇంజను ఇంకో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. రేకుల మీద ఇసుక రాలే చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఖలాస్" అంది ఆవిడ. దిగి నాసర్ చెంప నిమిరింది. "ఇక ఇది నీది. రేసుకు తప్ప ఎక్కడికైనా తీసుకెళ్ళు."

ఆ పూట నాసర్ ఎక్కడికీ వెళ్ళలేదు. నానమ్మ చెయ్యి పట్టుకుని, ఆవిడ వచ్చిన కార్లోనే ఇంటికెళ్ళిపోయాడు.

"బాగా ఉడికిన పాత ఇంజన్లు అంతే పాపా. తాళం తీసినా లోపలి వేడికి కొంచేపు తిరుగుతాయి. బయపడాల్సిన పనేం లేదు" అన్నాడు నాయన. నాకు ధైర్యం చెబుతూనే, లోపలి దుమ్ము తుడుద్దామని తలుపు తీశాడు.

తీసి, అలాగే నిలబడిపోయాడు.

నేనూ తొంగి చూశాను. డాష్‌బోర్డు మీద దుమ్ము. వెనక సీటు మీద దుమ్ము. ఆవిడ కూర్చున్న సీటు అంచులకీ దుమ్మే. డ్రైవర్ సీటు మాత్రం, నాసర్ దిగి అంతసేపైనా, కిటికీ తెరిచే ఉన్నా, నల్లగా నిగనిగలాడుతోంది... ఒక్క రేణువు లేదు.

"నీకూ కనపడతాండాదా?" అన్నాడు నాయన మెల్లగా.

"ఊ."

గుడ్డను జేబులో కుక్కుకుని తలుపు మూసేశాడు. ఇంటికెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు.

కొన్నాళ్ళకు సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఆ కారు కనిపించింది. నాసర్ నెమ్మదిగా నడుపుతున్నాడు. నానమ్మ పక్కన కూర్చుని ఉంది. కూర్చుందే గానీ, ఒళ్ళంతా వెనక్కి తిప్పి, ఎవరూ లేని వెనక సీటుతో కబుర్లు చెబుతోంది...

ఇప్పుడు నాయన ఊళ్ళో ఉన్నాడు. నేను ఇక్కడే, కువైట్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్నాను. నా పిల్లలకు నేను రోజంతా ఏం చేస్తానో కూడా తెలియదు... ఆఫీసు గేటు దాటి పిల్లల్ని ఎవరు రానిస్తారు? నాయన చెయ్యి పట్టుకుని ఆయన పనిలోకి నడిచిపోయిన రోజులు, అందులోని భయాలతో సహా, మాతోనే పోయినట్టున్నాయి.

మీరూ అమ్మానాన్నల వెంట పనికి వెళ్ళి, ఇప్పటికీ అర్థం కానిది ఏదైనా చూశారా... చూస్తే చెప్పండి. నేను నమ్ముతాను.